కోటిలింగం గారి కుడిచెయ్యి

సన్మానం జరిగిన ప్రతిసారీ మా ఆయన ఒంట్లో కొంత కంచు అవుతుంది. వానకి ముందే తడిసే గొడుగు కనిపెట్టినప్పుడు మొదటి శాలువా కప్పారు, ఇంటికొచ్చేసరికి పాదాలు పోయాయి. పొంగబోయే ముందు దగ్గే పాలగిన్నెకి నడుము దాకా వచ్చింది. నిద్ర పట్టనివాళ్లకి బదులు తనే నిద్రపోయే మంచంతో ఎడమచెయ్యీ ఛాతీ అయిపోయాయి. ఇక మిగిలినవి తలా, కుడిచెయ్యీ.

ఊరికి ఆయన మహా మేధావి. రోజూ ఎవరో ఒకరు వచ్చి దండేసి పోతారు. చింతపండు పెట్టి తోమేది మాత్రం నేను.

నా వీపు మధ్యలో, చెయ్యి అందని చోట, ఒక దురద ఉంది. పెళ్లినాటి నుంచీ ఉంది. "ఊరందరికీ ఏవేవో చేస్తారు, దీనికేదైనా కనిపెట్టకూడదూ?" అని సాధిస్తూనే ఉన్నాను.

"నా చెయ్యుండగా యంత్రమెందుకే పిచ్చిదానా?" అంటారు, గోకుతూ.

ఆ చెయ్యి కూడా పోతే నా గతేం కాను? ఇంత గొప్పాయనలో నాకు దక్కింది ఆ అయిదు వేళ్లే.

ఈ పొద్దున సన్మాన సంఘం గవర్రాజు జరీ శాలువా పట్టుకుని వస్తాడు. వెనక సన్నాయి మేళం. సెంటర్లో దిమ్మ కట్టించేశారట.

"ఇదే ఆఖరిదమ్మా. దీంతో అయ్యగారు పూర్తయిపోతారు," అంటాడు సంతోషంగా.

"ఈసారి దేనికండీ?"

"ఇన్ని సన్మానాలు ఓర్చుకున్నందుకు."

"వద్దు బాబూ, చాలు," అంటారు మా ఆయన. అది వినయం అనుకుని మేళం వాళ్లు జోరు పెంచుతారు.

నాకు ఒళ్లు మండిపోతుంది. కొంగు బిగించి మధ్యలోకి దూరి, నా వీపు అడ్డం పెడతాను. శాలువా నా మీద పడుతుంది. వీపు చల్లబడి, బరువెక్కుతుంది.

"అయ్యయ్యో, మీకు కాదమ్మా!"

"కప్పిన శాలువా వెనక్కి తీసుకోవచ్చుటండీ?"

"తీసుకోకూడదు," అని ఒప్పుకుంటాడు గవర్రాజు. మేళం ఆగిపోతుంది. అందరూ మెట్లు దిగుతారు.

మా ఆయన చెయ్యి నా వీపు మీదికొస్తుంది. కంచుకి దురదేమిటంటారేమో. ఉంది, అక్కడే ఉంది. ఆయన గోకుతారు. వీపు ఖంగుమంటుంది.

వీధి చివరి బడిలో లాంగ్‌బెల్ అనుకుని పిల్లలు కేకలేస్తూ బయటపడతారు. వాళ్ల వెనకే, చదువులు ఎప్పుడో అయిపోయి జుట్టు నెరిసినవాళ్లు కూడా వస్తున్నారు. సన్నాయి ఆయన వస్తున్నాడు. గుమ్మాల్లో వాళ్ల అమ్మలు నిలబడి ఉన్నారు, పోయినవాళ్లతో సహా.

"ఇంకాస్త కిందికండీ," అంటాను.

మళ్లీ ఖంగుమంటుంది. గవర్రాజు పలక చంకన పెట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి పరుగెడుతున్నాడు.