పై అరలో మూకుడు

టైలరమ్మ యాభై దాటాక మళ్లీ పెళ్లి చేసుకుంది. పెళ్లికొడుకు బస్సు డ్రైవరు. భార్య పోయి కొన్నేళ్లయిన మనిషి, గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. ఈవిడేమో అతని భుజం దాకా కూడా రాదు.

కాపురానికి వచ్చిన మొదటి వారమే వంటగదితో చిక్కొచ్చి పడింది. ఇనుప మూకుడు, పెద్ద కుక్కరు, పిండి డబ్బా, బరువైనవన్నీ పై అరలోనే ఉన్నాయి. సింకు కింద ఉల్లిపాయల బుట్ట, దాన్ని ఆనుకునే యాసిడ్ సీసా. చూడగానే సర్దేయాలని ఆవిడ చేతులు దురద పెట్టాయి. కానీ పోయిన ఇల్లాలు సర్దుకున్న వంటగది అది. వచ్చీరాగానే కదిలిస్తే ఆయన మనసు చివుక్కుమంటుందని నోరు మెదపలేదు. మూకుడు కావలసినప్పుడల్లా స్టూలెక్కి దింపుకునేది.

ఒక ఆదివారం స్టూలు ఒరిగింది. ఆవిడ అలమర తలుపు పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. మూకుడు మాత్రం చేయి జారి, పాదానికి జానెడు దూరంలో పడి, నేల మీది పలకను రెండు చెక్కలు చేసింది.

డ్రైవరు సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు.

"తగిలిందా?"

"నాకేం కాలేదు. పలకే పగిలింది."

"పోతే పోయిందిలే. బరువైనవి కింద పెట్టుకోకపోయావా?"

ఆవిడ కాస్త నసిగింది. "అక్కయ్య సర్దుకున్నవి కదా. కదిలిస్తే మీరు బాధపడతారని."

అతను సబ్బు నురగ తుడుచుకోవడం మరిచిపోయి నవ్వాడు. "ఇది ఆవిడ సర్దిందనుకున్నావా? కూరగాయల పక్కన యాసిడ్ చూస్తే నన్ను ఇంట్లోంచి గెంటేసేది. ఆవిడ పోయాక నా చెయ్యి ఎక్కడికి అందితే అక్కడ పడేశాను, అంతే."

టైలరమ్మకు గుండెల మీంచి బరువు దిగిపోయింది. కొంగు బిగించింది. యాసిడ్ సీసా స్నానాలగదిలో తాళమున్న అలమరలోకి పోయింది. కుక్కరు అట్టడుగు అరకు దిగింది. దాన్ని తీసి చూడబోయి డ్రైవరు నడుం పట్టుకున్నాడు.

"సీట్లో కూర్చుని కూర్చుని అరిగిపోయిన నడుమిది. ఇంత కిందికైతే నావల్ల కాదు."

"అయితే మధ్య అరలో పెడదాం. నేను ఎక్కక్కర్లేదు, మీరు వంగక్కర్లేదు."

పైన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు చేరాయి. మధ్యాహ్నం వంట అతనే చేశాడు. ఉప్పు ఎక్కువైంది. ఆ మాట ఆవిడ మొహమాటపడకుండా చెప్పేసి, ఇంకో ముద్ద కలుపుకుంది.