సంతకం పైన, జవాబు కింద

సూపర్‌వైజరమ్మకు పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. కిటికీ దాకా వెళ్లడం, తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూలబడటం, మెయిల్ వచ్చిందేమోనని చూడటం, రాలేదని ఉసూరుమంటూ మళ్లీ లేవడం. గ్రంథాలయం వెనకవైపు బైండింగు గదిలో ఆ పూట ఆవిడ చేసిన పని ఇంతే.

"కాస్త కుదురుగా కూర్చో వదినా! నువ్వు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది జిగురు వదిన. అట్టలకు జిగురు పూసే పని ఆవిడది. కలిసి పనిచేసి ఎన్నేళ్లయిందో, వాళ్లిద్దరూ ఒకరికొకరు వదినలే.

మూడో మనిషి సూదిమామ. ముప్పయ్యేళ్లుగా చేత్తో పుస్తకాలు కుడుతున్నాడు. ఎవరేమన్నా తలెత్తకుండా దారం లాగుతూనే ఉన్నాడు.

కుదురుగా ఎలా కూర్చుంటుంది పాపం! ముందు రోజు సాయంత్రం డైరెక్టరుగారు మెయిల్ పెట్టారు. బైండింగు ఇక బయటివాళ్లకు ఇచ్చేస్తారట. మధ్యాహ్నం వ్యాను వచ్చి అట్టలు బిగించే ప్రెస్సునీ కుట్టుమిషన్నీ తీసుకుపోతుందట. ఆడవాళ్లిద్దరూ పుస్తకాలిచ్చే కౌంటరుకి, సూదిమామ ఇంటికి. కిందటేడు బైండు చేసిన వాటిలో పేజీలు ఊడుతున్నాయని పాఠకులు గొడవ చేశారట. అభ్యంతరం ఉంటే పన్నెండులోగా తెలపాలి, అంతే.

అది చదవగానే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదింటికల్లా జవాబు రాసేసింది. ఎంత జవాబనుకున్నారు! మూడు పేజీలు. వద్దంటే వద్దని, ఎందుకు వద్దో వివరంగా, కడిగిపారేసింది. పంపాక లేచి నడుం మీద చెయ్యేసుకుని, "వద్దని రాసిపారేశాను. ఎలా తీసుకుపోతారో చూస్తాను," అని మిగతా ఇద్దరికీ చెప్పింది కూడా.

అసలు సంగతి ఆ రాయడానికి ముందు జరిగింది. కంప్యూటరులో మెయిల్ ప్రోగ్రాం కొత్తగా మారింది. తెరవగానే ఏవేవో ప్రశ్నలేసింది. మీ సంతకం ఏమిటి అంది. ఈవిడ పేరు, హోదా, ఫోన్ నంబరు నింపింది. సంతకం ఎక్కడ పెట్టమంటారు, అవతలివాళ్ల ఉత్తరానికి పైనా, కిందా? మీ జవాబు ఎక్కడ మొదలుపెట్టమంటారు, పైనా, కిందా? ఇందులో ఆలోచించడానికి ఏముంది? చిన్నప్పట్నుంచీ ఎన్ని పరీక్షలు రాయలేదు! పైన పేరు, తర్వాత ప్రశ్న, దాని కింద జవాబు. ప్రశ్న కంటే ముందు జవాబు రాసే వెర్రివాళ్లు ఎవరైనా ఉంటారా? సంతకం పైన, జవాబు కింద అని నొక్కి, తన తెలివికి తానే మురిసిపోయింది.

ఒంటిగంటకు డైరెక్టరుగారి మెయిల్ వచ్చింది. 'ధన్యవాదాలు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని అనుకోలేదు.'

ఆవిడ రెండుసార్లు చదివింది. ఒప్పుకోవడమేమిటి? ఎవరు? ఎప్పుడు?

ఇంతలో తలుపు దగ్గర అలికిడయింది. వ్యానువాళ్లు ఇద్దరు, చేతిలో స్పానర్లు, ఆఫీసులో ప్రింటు తీసిచ్చిన ఒక కాగితం. ఆ కాగితం సూదిమామ అందుకున్నాడు. చెయ్యి బారుగా చాచి పట్టుకుని చూశాడు. డైరెక్టరుగారి ఉత్తరం, దాని నెత్తిన లావు అక్షరాలతో సూపర్‌వైజరమ్మ పేరూ హోదా ఫోన్ నంబరూ. ఇంకో ముక్క లేదు.

"సంతకం నీదే కదమ్మాయ్," అన్నాడు మెల్లగా.

ఆ ఆఫీసులో ఎప్పట్నుంచో ఒక పద్ధతుంది. కాగితం మీద ఏమీ రాయకుండా ఉత్త సంతకం పెట్టి తిప్పి పంపితే ఒప్పుకున్నట్టు. ఒప్పుకోకపోతేనే రాస్తారు. అది తెలియనివాళ్లు ఆ భవనంలో లేరు.

"అయ్యో మామా, నేను వద్దని రాశాను! మూడు పేజీలు రాశాను!"

"ఎక్కడ?"

"కింద!"

"కింద ఏముంది? కాగితం అయిపోయింది," అన్నాడు మామ, దాన్ని వెనక్కి తిప్పి చూసి మరీ.

జిగురు వదిన బ్రష్షు డబ్బాలో పడేసింది. "కౌంటరు దగ్గర ఏసీ కూడా ఉంటుందటగా వదినా. మాతో ఒక్క మాట చెప్తే సరిపోయేది."

ఆ మాటకు ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. గది పోవడం ఒక ఎత్తు, వీళ్ల దృష్టిలో తను ఇలా అవడం ఒక ఎత్తు. "స్పానరు ముట్టుకున్నారంటే ఊరుకోను!" అని వ్యానువాళ్ల మీద ఒంటికాలి మీద లేచి, "రండి మామా, డైరెక్టరుగారి దగ్గరే తేల్చుకుందాం," అని విసవిసా బయల్దేరింది. మామ వెనకాలే వచ్చాడు.

మెట్లు సగం ఎక్కాక ఆవిడ టక్కున ఆగిపోయింది. మూడో పేజీలో ఏం రాసిందో అప్పుడు గుర్తొచ్చింది.

"మామా, మీరు గదిలో ఉండండి. నేనొక్కదాన్నే వెళ్లొస్తాను."

"ఇందాక రమ్మన్నావు, ఇప్పుడొద్దంటున్నావు." ముసలాయన ఆవిడ మొహంలోకి చూశాడు. "అంటే కింద ఏమీ లేదన్నమాట."

ఆవిడ తల వంచుకుని మిగతా మెట్లెక్కింది. మామ ఆగకుండా వెనకాలే ఎక్కాడు.

డైరెక్టరుగారు ఫోన్ తీసి చూపించారు. "ఇదిగో మీ సంతకం, కింద నా ఉత్తరం. ఇంకేముంది?"

"ఇంకా కిందికి వెళ్లండి సార్. అక్కడ మూడు చుక్కలున్నాయి చూడండి, అవి నొక్కండి."

నొక్కారు. చుక్కల వెనక దాగిన జవాబు విచ్చుకుంది. డైరెక్టరుగారి కనుబొమలు పైకి లేచాయి.

"పైకి చదవండి సార్. చిన్నక్షరాలు నాకు ఆనవు," అన్నాడు మామ.

ఆయన చదివారు. ఈ గది మూస్తే పాత పుస్తకాలు ఏమవుతాయో, బయటివాళ్లు అంచులు ఎలా కోసి పాడుచేస్తారో, అన్నీ. వింటున్న కొద్దీ మామ మొహం తేటపడింది. సూపర్‌వైజరమ్మ మొహం మాత్రం పాలిపోతూ వచ్చింది. మూడో పేజీకి వచ్చేసరికి డైరెక్టరుగారు ఆగి, ఒకసారి మామ వైపు చూశారు.

"ఆగారేం సార్?" అన్నాడు మామ.

"పేజీలు ఊడటం గురించి రాశారు. ఇదొక్కటే నాకు కావలసిన జవాబు. నిజమేనా అమ్మా ఇది?"

కాదంటే గది పోతుంది. అవునంటే మామ వింటాడు. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"నిజమే సార్. మార్చి నుంచి ఒక్క పుస్తకం ఊడలేదు." మామ వైపు తిరిగింది. "మీ చెయ్యి వణుకుతోంది మామా. కుట్లు వదులుగా పడుతున్నాయి. రోజూ మీరు వెళ్లాక విప్పి మళ్లీ కుడుతున్నాను. మిమ్మల్ని ఇంటికి పంపేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. మీకసలే చెప్పలేదు."

మామ తన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. డైరెక్టరుగారు వ్యానుని వెనక్కి పంపమని కిందికి కబురు చేశారు. ఈ ఏడాదికి గది ఉంటుందన్నారు. ఇందుకేగా ఆవిడ అంతలా కొట్టుకుపోయింది! తీరా దక్కాక సంతోషం ఏ మూలనా లేదు.

ఇద్దరూ మెట్లు దిగి గదిలోకి రాగానే జిగురు వదిన ఎదురొచ్చి, "వ్యాను వెళ్లిపోయింది వదినా! ఇందాక ఏదో నోరు జారాను, మనసులో పెట్టుకోకు," అంటున్నా ఇద్దరూ వినిపించుకోలేదు. మామ బల్ల దగ్గరికి వెళ్లి, పొద్దున తను కుట్టిన పుస్తకం తెచ్చి సూపర్‌వైజరమ్మ ముందు పెట్టాడు. పక్కన బ్లేడు పెట్టాడు.

"విప్పు."

"ఇప్పుడెందుకు మామా..."

"నేను వెళ్లాక కాదు, నేనుండగా విప్పు. ఎక్కడ వదులవుతోందో నాకు తెలియొద్దూ? ఆర్నెల్ల నుంచి నా పని నేనే చేస్తున్నాననుకుంటున్నానమ్మాయ్."

ఆవిడ కళ్లు తుడుచుకుని మొదటి ముడి తెంపింది. మామ స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.