అడ్డంగా కోసిన ఉక్కు

మాదాపూర్ అద్దాల మేడలో, మీటింగు గదిలో, వాసంతి నమస్కారానికి ఆమె మరిది అవినాష్ తలైనా ఊపలేదు.

ఈ కంపెనీలో రేకులకు చిల్లులు కొట్టే పంచ్‌లు వరసగా విరుగుతున్నాయి. ఉక్కు కోసి వాటిని చేసేది అవినాష్. బాలానగర్‌లో తన కొలిమిలో కాల్చి గట్టిపరిచేది వాసంతి. తప్పు కొలిమిదని తేలితే ఈ కంపెనీ పని ఇక ఆమె గేటు తొక్కదు.

"ఇయ్యాల తేల్చాలె. లైన్ ఆగి పరేషాన్ అయితున్నం," అంది క్వాలిటీ చూసే కరుణ.

"తేల్చడానికేముందండీ? మా వదిన వేడి ఎక్కువ పెట్టేసింది. పప్పు మాడిస్తే సర్దుకుంటాం, ఉక్కు మాడిస్తే ఎలా?"

వాసంతి సంచిలోంచి విరిగిన పంచ్ తీసి కరుణ ముందు పెట్టింది.

"విరిగిన చోట చూడండి. వేడెక్కువైతే పంచదారలా బరగ్గా మెరుస్తుంది. ఇది నున్నగా ఉంది."

పంచ్‌ను పక్కకు తిప్పింది. ఆ వైపును ఆమె ముందే సానబట్టి యాసిడ్ రుద్ది ఉంచింది. నలుపూ తెలుపూ సన్నటి చారలు పంచ్‌కు అడ్డంగా తేలి ఉన్నాయి.

"ఎర్రగా కాల్చి, అచ్చు కన్నంలోంచి నెట్టి సాగదీసిన బద్ద ఇది. అలా సాగేటప్పుడు లోపలి కార్బైడ్లనే గట్టి రేణువుల గుత్తులు చితికి, పొడుగునా వరసలు కడతాయి. పంచ్‌ను వాటి వెంటే కోస్తే దెబ్బ ఓర్చుకుంటుంది. అడ్డంగా కోస్తే వరసల మధ్యే చీలుతుంది."

"గిట్ల అడ్డం ఎందుకు కోసిన్రు?" కరుణ అవినాష్ వైపు తిరిగింది.

"ముక్క వేస్టవకుండా కోత అమర్చే కంప్యూటర్ ప్రోగ్రామే తిప్పి పెట్టిందండి."

"రేకులు కోసే ప్రోగ్రామ్‌కి ఉక్కు బద్ద అప్పజెప్పావు," అంది వాసంతి. "దానికి ఖాళీ మిగలకుండా సర్దడం తప్ప ఏం తెలుసు?"

అవినాష్ గొంతు తగ్గించాడు. "ఇంటి మాటలు బైట ఎందుకు వదినా?"

"నా కొలిమి మీద నింద వేసేటప్పుడు ఇల్లు గుర్తు రాలేదా?"

కరుణ కుర్చీ వెనక్కి జరిపింది. "కొలిమి పని మేడమ్ దగ్గర్నే ఉంటది. పంచ్‌లు మళ్ల మీ ఖర్చుతోనే చేసియ్యాలె, అవినాష్ గారూ."

లిఫ్ట్‌లో ఇద్దరూ చెరో మూలా నిలబడ్డారు. కింది అంతస్తు వచ్చేముందు అతనే నోరు విప్పాడు.

"కొత్తవి కాల్చడానికి ఎప్పుడు తీసుకుంటావు?"

"సాగిన వైపు తెలిసేలా ప్రతి ముక్క మీదా రంగు గీత ఉండాలి. లేకపోతే గేటు దగ్గరే తిప్పి పంపిస్తాను."

"మరీ అంత నమ్మకం లేదా?"

తలుపు తెరుచుకుంది. వాసంతి సంచి భుజాన వేసుకుని ఆటో కోసం వెళ్ళిపోయింది.