బొందల తోపు

ఎంత మేపినా ఆ పొగపడవ కడుపు నిండదు. ముప్పై మంది పొద్దస్తమానం కట్టెలు కొట్టి పోస్తే ఆఫ్రికాలోని షిరే నది మీద రెండు మలుపులు పోతుంది, ఇసకమేటకి తగులుకుంటుంది. అప్పుడు మొసళ్ళున్న నీళ్ళలోకి మొలలోతు దిగి తాళ్ళతో లాగాలి. చలిజ్వరంతో వణుకుతున్న చిపేతనీ మొన్న అట్లాగే దింపారు. కాళ్ళు తేలిపోతున్నా దుబాసీ కన్యాట కొరడా ఆపలేదు. సాయంత్రానికి ప్రాణం పోయింది. పడవ యజమాని పాదిరీ దొర టోపీ తీసి ప్రార్థన చేశాడు. ధర్మాత్ముడు! ప్రార్థన కాగానే కట్టెలడిగాడు.

చిపేతని ఒడ్డునున్న బొందల తోపులో పూడ్చారు. ఆ తోపులో ఎండుపుల్ల కూడా ఎవరూ విరవరు. అక్కడి చెట్లు చచ్చినవాళ్ళవి.

ఇవాళ గట్టున ఎండుకట్టె అయిపోయింది. దొర తోపుకేసి చెయ్యి చూపించాడు.

చిపేత అన్న మలెంగ గొడ్డలి కింద పడేశాడు. "మా తమ్ముడి నెత్తిమీద చెట్టా? మీ దొరకి మతి పోయిందా?"

"నదిలో నీళ్ళు తీస్తున్నాయిరా," అన్నాడు కన్యాట. "కదలకపోతే అందరం ఇక్కడే చస్తాం. చచ్చినోళ్ళు పరలోకంలో ఉంటారట, చెట్లతో వాళ్ళకేం పనంటున్నాడు దొర."

"మావాళ్ళు ఎక్కడికీ పోరు. ఇక్కడే ఉంటారు."

కట్టెలు కొట్టే ముసలి కబ్వీన గొణిగాడు. "దొర తుపాకీకి ఎదురెళ్తావురా? మనకి పిల్లల్లేరా?"

"మొన్న వాడి పక్కనే తాడు లాగుతూ నోరు మూసుకున్నాను తాతా. ఆ సిగ్గు చాలదా?"

మొన్న అందరూ నోళ్ళు మూసుకున్నవాళ్ళే.

దొర తుపాకీ ఎక్కుపెడితే కన్యాట మలెంగని పడవ మీదికి ఈడ్చుకుపోయి గుంజకి కట్టేశాడు. "తోపు కొట్టేదాకా వీడికి నీళ్ళు కూడా లేవు!" కన్యాట అరిచాడు.

అప్పుడు కబ్వీన లేచి గొడ్డలి అందుకున్నాడు. "థూ, ముసలి పిరికి గొడ్డు!" అన్నాడొకడు. ముసలాడు తోపువైపు పోలేదు. నీళ్ళలో దిగి, పడవెక్కి, దొర గది ముందు నిలబడ్డాడు.

"ఎండుకట్టె కావాలంటివి గదా దొరా! నీ పడవలోనే ఇంత కట్టె పెట్టుకుని మా బొందల మీద పడ్డావేం?"

గది తలుపు మీద ఒక్క వేటు వేశాడు. పలక రెండుగా చీలింది.

దొర తుపాకీ పేల్చాడు. గుండు తగలవలసిన చోటే తగిలింది. కబ్వీన చీలిన తలుపు మీదే కూలిపోయాడు.

"తాతా!" మలెంగ గొంతు చించుకున్నాడు. "ఒరేయ్, చూస్తున్నార్రా? మళ్ళీ చూస్తూ నిలబడతార్రా?"

దొర తుపాకీలో మందు కూరుకుంటున్నాడు. గట్టు మీద ఒకడు వంగి గొడ్డలి తీశాడు, పక్కవాడూ తీశాడు. అందరూ ఒక్కసారే పడవకేసి నీళ్ళలోకి దిగారు.