పైడితల్లి తొడుక్కున్న ఎలుగుబంటి

నేను ఒక ఎలుగుబంటి వేషాన్ని. అడవి ముఖం ఎరగను. కలకత్తాలో ఒక ఇరుకు సందులో, నోట్లో బీడీ వదలకుండా మిషను తొక్కే ముసలి దర్జీ చేతుల్లో పుట్టాను. స్పాంజి తల, గోధుమరంగు నైలాను బొచ్చు, వీపున జిప్పు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే నోరు పెట్టాడాయన. లోపలి మనిషి లోకాన్ని చూసేది నా గాజుకళ్లలోంచి కాదు, ఆ నోటికి బిగించిన నల్లటి వలలోంచి.

అనకాపల్లి దాటాక హైవే పక్కనున్న ఒక వినోదాల పార్కు నన్ను కొంది. మొదట తొడుక్కున్న కుర్రాడు కొన్నాళ్లకే "కంపు" అని నన్ను విదిలించి పారేసి పోయాడు. ఆ కంపు అతనిదే. మనుషులు సొంత చెమటను ఎప్పుడూ గుర్తుపట్టరు.

తర్వాత పైడితల్లి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. బాణసంచా కట్టే పాకలో మందు అంటుకుని ఆమె ముఖం సగం కాలిపోయింది. ఎడమ కన్ను కిందికి జారింది, పెదవి ఒక పక్కకి లాక్కుపోయింది. టిఫిను కొట్లో ప్లేట్లు కడుగుతానన్నా, గిరాకీ పోతుందని వద్దన్నారట. పార్కు మేనేజరు మూర్తి గారు మాత్రం ఆమెను చూసి, చూపు తిప్పుకుని, "ఫర్వాలేదులే, ఎలాగూ కనబడదు కదా" అన్నారు. దాన్ని ఆయన దయ అనుకున్నారు.

నోరు మెదపకూడదు, జనంలో తల తీయకూడదు. అదీ అక్కడి నియమం. పైడితల్లికి అదే కావాలి.

మొదటి రోజే ఒక చిన్నపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి నా పొట్టకు ముఖం ఆనించి వాటేసుకుంది. లోపల పైడితల్లి కొయ్యబారిపోయింది. ముఖం కాలిన నాటి నుంచి ఆసుపత్రి నర్సులు తప్ప ఆమెను ముట్టుకున్నవాళ్లు లేరు. కాసేపటికి నా బరువైన చెయ్యి ఎత్తి, ఆ పిల్ల వీపు మీద మెల్లగా వేసింది. ఆ రోజు నా స్పాంజిని తడిపింది చెమట ఒక్కటే కాదు.

కుందేలు వేషం కట్టే సన్యాసిరావు ఆమెను సొంత అక్కలా అప్పా అని పిలిచేవాడు. "కాసేపు తల తీసి గాలి పీల్సుకోవే అప్పా" అనేవాడు.

"నాకు దీన్లోనే గాలాడతాది రా" అనేది పైడితల్లి. విశ్రాంతి గదిలో కూడా గోడవైపు తిరిగే నా తల తీసేది.

మే నెల, మిట్టమధ్యాహ్నం. ఒక పిల్లాడి పుట్టినరోజని పెద్ద గుంపు వచ్చింది. పైడితల్లి ఫ్యాను కిందికి వెళ్లవలసిన వేళకు మూర్తి గారు వచ్చి, "కేకు కోసేదాకా ఉండమ్మా" అన్నారు. ఆమె తలూపింది. కేకు రావడం ఆలస్యమైంది. లోపల ఆమెకు చెమట ఆగిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది, తడి మాత్రం లేదు. నాకు తెలుస్తూనే ఉంది, చెప్పడానికి నోరేది? ఆమె అటూ ఇటూ తూలింది. డాన్సు అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. మోకాళ్ల మీద కూలబడితే ఇంకా గట్టిగా కొట్టారు. పక్కకి ఒరిగిపోయాక, పుట్టినరోజు పిల్లాడు నా చెవి పట్టుకుని లాగుతూ "లే టెడ్డీ, లే!" అన్నాడు.

సన్యాసిరావు పరుగున వచ్చి నా మెడ దగ్గర చెయ్యి పెట్టాడు. లోపలినుంచి పీలగా గొంతు వినిపించింది.

"తల తియ్యకురా... గుంటలు జడుసుకుంటారు."

వెనకనుంచి మూర్తి గారు కూడా అరిచారు. "పిల్లల ముందు తీయకు! గదిలోకి మోసుకుపో!"

సన్యాసిరావు చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత నా తల ఊడబెరికాడు.

"దెయ్యం!" అని కెవ్వుమని పిల్లాడు తల్లి వెనక దూరాడు. పెద్దలు పిల్లల కళ్లు మూశారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తారు. నీళ్లు తెచ్చి పోసింది సన్యాసిరావు ఒక్కడే. పైడితల్లి కళ్లు తెరిచే ఉన్నాయి. అంతా చూసింది.

జిప్పు బిగుసుకుపోవడంతో నన్ను సగం ఒలిచి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. మర్నాడు ఆమెకు మాట వచ్చింది. నేను మంచం కింద ఉన్నాను.

"ఎందుకు తీసావురా?" అంది.

"సచ్చిపోతావని బయమేసింది అప్పా."

"ఆ గుంటలు నన్ను ముట్టుకుంటుండగానే పోదును కదరా" అంది పైడితల్లి.

మూర్తి గారు బత్తాయిలు తెచ్చారు. "అందరూ చూసేశారు కదమ్మా, ఇక ఎలా?" అని, నన్ను మూట కట్టించారు. పైడితల్లి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నర్సు వచ్చి విడిపించింది. ఆమెను నేను మళ్లీ చూడలేదు. సన్యాసిరావు కూడా కుందేలు తలను మూర్తి గారి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఎండల్లో నన్ను తొడుక్కోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. మూర్తి గారు నాలో వరిగడ్డీ పాత గుడ్డలూ కూరించి, వీపు కుట్టించి, గేటు పక్కన ఇనుప కడ్డీకి కట్టించారు. ఇప్పుడు నాకు దాహం వేయదు, స్పృహ తప్పదు. ఆయనకది బాగా నచ్చింది.

పిల్లలు ఇప్పటికీ పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటారు. వీపు మీద చెయ్యి పడుతుందేమోనని కాసేపు చూస్తారు. పడదు. మెల్లగా నన్ను వదిలి వెళ్లిపోతారు.