శనివారం వచ్చిన అమావాస్య

తెల్లారకముందే పెద్దప్ప మగ్గం గుంతలో దిగాడు. ఇంకో మూర నేస్తే చీర అయిపోతుంది. రేపు ఆదివారం పెనుకొండ బడిలో పాత పిల్లలు అతని పెండ్లాం కల్పనకు సన్మానం పెట్టుకున్నారు. రిటైరయ్యేదాకా ఆమె ధర్మవరంలో రైలెక్కి రోజూ పోయి పాఠాలు చెప్పిన బడి అది. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల పెండ్లిళ్లకు పట్టుచీరలు నేసినవాడు, రేపు తన పెండ్లాం తను నేసిన చీర కట్టుకుని అక్కడ నిలబడితే చూడాలనుకున్నాడు. ఆమెకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. హిందూపురం పెండ్లివాళ్ల చీర అని నమ్మించాడు.

వీధిలో ఇంకే మగ్గమూ ఆడటం లేదు. అందరికంటే ముందు లేచానని లోలోపల సంబరపడ్డాడు.

పక్కింటి తిమ్మక్క వచ్చి కిటికీలోంచి తొంగిచూసింది.

"ఏమబ్బా పెద్దప్పా, మతి పోయిందా నీకు? అమావాస్య పూట మగ్గం ఆడిస్తాండావు."

పోగును అటూ ఇటూ విసిరే నాడె పట్టిన చెయ్యి ఆగిపోయింది. "అమావాస్య రేపు కదక్కా."

"ఎవురు చెప్పినారు నీకు? ఈ పొద్దే."

నేతగాడు అమావాస్యనాడు నాడె ముట్టడు. వాళ్ల నాయన ముట్టలేదు, పెద్దప్పా ఎన్నడూ ముట్టలేదు. అట్లాంటివాడు ఎట్లా పొరబడ్డాడంటే, ఆ ఇంట్లో మొదటినుంచీ రెండు సెలవులు. కల్పనకు ఆదివారం, అతనికి అమావాస్య. ఆమె ఇంట్లో ఉంటే అతను గుంతలో, అతను ఖాళీగా ఉంటే ఆమె రైల్లో. ఎప్పుడన్నా ఆదివారం అమావాస్య పడిందా, ఇద్దరూ హిందూపురం పోయి సినిమా చూసి బజ్జీలు తిని వచ్చేవాళ్లు. సన్మానం ఆదివారం అనగానే ఆ పాత సంతోషం నెత్తికెక్కి, అమావాస్యను కూడా తీసుకెళ్లి ఆ రోజులోనే పెట్టేసుకున్నాడు. క్యాలెండరు చూడాలని తోచలేదు.

కల్పన కాఫీ గ్లాసుతో వచ్చింది.

"దానికింత దిగులు ఎందుకు బావా? పెండ్లోళ్లకు సోమవారం ఇస్తామని ఫోన్ చేస్తా. నంబరు చెప్పు."

"ఫోనొద్దు."

"చెప్పకపోతే వాళ్లకెట్లా తెలుస్తాది?"

పెద్దప్ప పట్టుపోగులకేసి చూస్తూ గొణిగాడు. "పెండ్లోళ్లు లేరు. అది నీకే. రేపటికి."

తిమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కల్పన గ్లాసు పక్కన పెట్టి, మగ్గం మీది చీరను చేత్తో తడిమింది.

"మొన్న నేను దీన్ని కాకరకాయ రంగు అంటి కదా. అప్పుడన్నా చెప్పకూడదా?"

"చెప్తే మార్చమంటావు."

"పరాయోళ్లదని అట్లంటి. నాదైతే ఇది చిలకపచ్చ."

గోడ మీది క్యాలెండరు తీసుకొచ్చి వేలు పెట్టి చూసింది. "తిథి ఈ పొద్దు తొమ్మిదిన్నరకు వస్తాది. రేపు మనం బండెక్కే వేళకు గాని పోదు. ఇప్పుడింకా చతుర్దశే. నేయి బావా."

"మేము పొద్దున్నుంచే ముట్టం తల్లీ," అంది తిమ్మక్క.

"నువ్వు ముట్టద్దులే. టైము చెప్తా ఉండు."

ఇంక ఆ ఇంట్లో ఎవరూ నిలబడింది లేదు. కల్పన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి అందిస్తోంది. పెద్దప్ప కాలు, చెయ్యి, చూపు అన్నీ ఒక్కటై ఆడుతున్నాయి. పోగు తెగితే పళ్లతో కొరికి ముడేశాడు. పొయ్యి మీద పప్పు అడుగంటింది, వాసన వచ్చినా ఎవరూ లేవలేదు. తిమ్మక్క కిటికీ వదల్లేదు. "ఎనిమిది దాటె," అంది. కాసేపటికి, "తొమ్మిదాయె, కానీ కానీ," అని తనే తొందరపెట్టింది.

కొంగులో బుటా పని అయిపోయింది. చివరి సాదా పట్టీ జానెడు మిగిలి ఉండగా తిమ్మక్క గొంతు తగ్గించి, "తొమ్మిదిన్నర," అంది.

పెద్దప్ప నాడె వదిలేశాడు. గుంతలోంచి లేచి పక్కకు నిలబడ్డాడు.

"జరుగు," అని కల్పన కుచ్చిళ్లు ఎగదోపుకుని గుంతలో దిగింది.

"ఏం చేస్తాండావు? అమావాస్య వచ్చేసింది."

"అది నీ సెలవు. అమావాస్య అని నేను ఎన్నడన్నా బడి ఎగ్గొట్టినానా? నా సెలవు రేపు."

పెద్దప్ప తిమ్మక్క వైపు చూశాడు. తిమ్మక్క కాసేపు ఆలోచించింది. "ఆయమ్మ చెప్పేదీ నిజమేలే," అంది.

మొదటిసారి నాడె ఎగిరి గోడ దగ్గర పడింది. పెద్దప్ప తీయబోయి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తిమ్మక్కా ముట్టలేదు. కల్పనే గుంత ఎక్కి తెచ్చుకుంది.

"కుడికాలు తొక్కు. అంత గట్టిగా కొట్టద్దు, పోగులు తెగుతాయి. ఇంకో కాలు. ఆ కాలు కాదే."

"అరిస్తే బుర్రకెక్కదు. నెమ్మదిగా చెప్పు."

నెమ్మదిగా చెప్పాడు. అంచు లోపలికి పీక్కుపోతుంటే అతని ప్రాణం కొట్టుకుంది గానీ నోరు కట్టుకున్నాడు. రానురాను కాలికీ చేతికీ పొత్తు కుదిరి మగ్గం ఒక వరసన మోగింది. తన మగ్గం చప్పుడు గుంత బయట నిలబడి వినడం అతనికి అదే మొదలు. కుదురుగా నిలబడలేక, ఆమె కాలుతో పాటు అతని కాలూ నేల మీద ఆడింది.

చివరి పోగు పడింది. మగ్గం మీంచి చీర కోసింది కూడా కల్పనే.

ఆదివారం పెనుకొండ స్టేషన్లో పిల్లలు ప్లాట్‌ఫారం మీదికే వచ్చేశారు. పిల్లలంటే తలలు నెరిసినవాళ్లూ ఉన్నారు. వైష్ణవి అనే ఆమె చీర పట్టుకుని వదలడం లేదు. వంకరపోయిన ఆ జానెడు కనపడకుండా ఇంట్లోనే కొంగు మడతపెట్టించాడు పెద్దప్ప. కల్పన ఆ మడత విప్పి అందరి ముందూ పరిచింది.

"ఇదంతా మీ సార్ నేసింది. ఈ వంకర జానెడు నాది."

సార్ అనిపించుకునేసరికి పెద్దప్పకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"టీచర్‌కు ఎన్ని మార్కులేస్తారు సార్?" అంది వైష్ణవి.

అందరూ అతని నోటికేసి చూశారు. పెద్దప్ప ఆ అంచును వేలితో సవరించాడు. అది సవరించేది కాదని తెలిసి వదిలేశాడు.

"ఇప్పుడేం చెప్పేది లేదు," అన్నాడు. "సోమవారం గుంతలో దిగమను. చూసి చెప్తా."