అత్తయ్య సీటు

మా ఆయన పురపాలక సంఘంలో గుమాస్తా. ఇంట్లో మాత్రం మేయరే. కొత్త స్టేడియానికి పన్ను ఎత్తేశారనీ, అమ్ముడుపోని సీట్ల డబ్బు కూడా ఊరే కడుతుందనీ అన్నం తింటూ గొప్పగా చెప్పారు.

"మరి మన వీధి ఆసుపత్రి ఎందుకు మూసేశారో?" అన్నాను.

"డబ్బెక్కడిదే? అన్నీ కావాలంటే ఎలా?"

మంచం మీద నుంచి అత్తయ్య పకపకా నవ్వింది. కాళ్లు పడిపోయి ఏడాదైనా ఆవిడ నోటికి ఏ జబ్బూ రాలేదు. "ఒరే, ఆ ఖాళీ కుర్చీల్లో నాకొకటి ఇప్పించరా. ఈ మంచంతో నడుం విరిగిపోతోంది" అంది.

"నీ పేరు ఎప్పుడో ఇచ్చేశానమ్మా. స్టేడియం ఖాళీ అంటే ఊరి పరువు పోదూ? అందుకే ఇంటింటి పేర్లూ రాసుకుని హాజరు వేస్తున్నాం. ఊరికే పేరేగా!"

నాకు ఒళ్లు మండింది. "మంచం దిగలేని మనిషిని మ్యాచ్‌కి పంపించారా? భలే తెలివి!" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

ఆదివారం నేను చొక్కా కాలరు కుడుతుంటే టీవీలో గ్యాలరీ చూపించారు. మూడో వరుసలో అత్తయ్య! అదే నీలం శాలువా. నిటారుగా కూర్చుని చప్పట్లు కొడుతోంది. వెనక్కి తిరిగితే మంచం మీదా ఆవిడే, కళ్లు మూసుకుని. చెయ్యి పట్టుకుంటే ఆరేసిన గుడ్డలా ఉంది, బరువే లేదు.

"అత్తయ్యా!"

"అబ్బ, అరవకే. గోల్ పడేటట్టుంది" అంది కళ్లు తెరవకుండానే.

ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కీ మంచం మీద మనిషి తగ్గిపోతూ వచ్చింది. "ఆవిడ పేరు కొట్టేయండి, మీకు దండం పెడతాను" అని ఆయనతో మొత్తుకున్నాను.

"స్టేడియం వాళ్లతో ముప్పై ఏళ్ల ఒప్పందమే. నా చేతుల్లో ఏముంది?" అన్నారు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఇవాళ మధ్యాహ్నం చూసేసరికి దుప్పటి చదునుగా పరుచుకుని ఉంది. తలగడ మీద గుంట మాత్రం మిగిలింది.

కుట్టేది వదిలేసి పరుగెత్తాను. గేటు మనిషి టికెట్ అడగలేదు. "రండమ్మా, మీ కోసమే చూస్తున్నాం" అన్నాడు.

మ్యాచ్ ఇంకా మొదలవలేదు. అయినా స్టేడియం నిండా జనం. ఒక్కరూ మాట్లాడటం లేదు. పాలాయన, పంతులమ్మ, మూసేసిన ఆసుపత్రి నర్సు, అందరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఖాళీ మైదానం కేసి చూస్తున్నారు. మూడో వరుసలో అత్తయ్యను చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ముందు కూలబడి ఏడ్చేశాను.

"పదండి, ఇంటికెళ్దాం. మీరు లేకపోతే నేనెవరితో పోట్లాడను?"

ఆవిడ నా తల నిమిరింది. చెయ్యి గట్టిగా, వెచ్చగా ఉంది. "ఎక్కడికే పిచ్చిమొద్దూ?" అంటూ పక్క సీటు తట్టింది. "వాడు నీ పేరూ ఇచ్చాడు."

నేను కూర్చోలేదు, ఒట్టు. చూసుకునేసరికి కూర్చునే ఉన్నాను. లేవబోతే కాళ్లు మాట వినలేదు.

సాయంత్రం టీవీలో మా వరుస చూపిస్తారు. స్టేడియం నిండిపోయిందని మా మహానుభావుడు తెగ మురిసిపోతాడు. ఆ తర్వాత అన్నం పెట్టమని ఎవర్ని పిలుస్తాడో మరి.